ఫార్వర్డ్ ఆడే పిల్లవాణ్ణి రైట్ బ్యాక్‌కు మార్చాను, అలిగాడు. పుయోల్ సంగతి కాస్త చెప్పండి

పీఈటీ_మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా జట్టులో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. రెండేళ్లుగా ముందు వరుసలో ఆడుతున్నాడు. పరుగుంది, పంతముంది, గోల్ కొట్టే నేర్పే లేదు. అయితే ఎదుటివాడి కాలి దగ్గర నుంచి బంతి లాక్కోవడంలో వాణ్ణి మించినవాడు మా మండలంలోనే లేడు. మొన్న వాణ్ణి రైట్ బ్యాక్‌కు, అంటే వెనక వరుసలో కుడి పక్కకు మార్చాను. అప్పటి నుంచి మైదానానికి వస్తున్నాడు గానీ నాతో మాట మాత్రం లేదు. లేసులు కట్టుకోవడానికే పావుగంట. "సారు నన్ను వెనక్కి నెట్టేశారు" అని ఇంట్లో చెప్పాడట.

స్పెయిన్ డిఫెండర్ కార్లెస్ పుయోల్ కూడా మొదట్లో ఫార్వర్డేనని ఎప్పుడో చదివిన గుర్తు. నిజమేనా? నిజమైతే ఆయన ఆట గురించి వివరంగా చెప్పండి. వాడికి నా మాట ఎక్కడం లేదు, కథయితే ఎక్కుతుందేమో.

బందరు_బార్సా | శుక్రవారం, రాత్రి 9:31

మాస్టారూ, సరైన చోటికే వచ్చారు. ఫార్వర్డ్ కావడానికి ముందు పుయోల్ గోల్‌కీపర్ కూడా! బడి రోజుల్లో గోల్‌పోస్టు ముందు నిలబడేవాడు. భుజానికి దెబ్బలు తగలడంతో ముందుకు పంపారు. 1995లో, పదిహేడేళ్లప్పుడు బార్సిలోనా వాళ్ల శిక్షణాలయం లా మాసియాలో చేరాడు. అక్కడ మెస్సీ లాంటివాళ్లు పదమూడేళ్లకే చేరతారు. ఈయన చేరేసరికి మిగతావాళ్లు సగం చదువు పూర్తిచేసినట్టే లెక్క. అక్కడ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌లో పెట్టారు. తర్వాత క్లబ్ రెండో జట్టులో రైట్ బ్యాక్ చేశారు. ఆ పైన సెంటర్ బ్యాక్, అంటే వెనక వరుస మధ్యలో. గోల్ దగ్గర మొదలై మైదానమంతా తిరిగి మళ్లీ గోల్ ముందుకే వచ్చాడన్నమాట.

మీ వాడికి ఇది కూడా చెప్పండి. 1998లో క్లబ్ ఆయనను మాలగా క్లబ్‌కు అమ్మడానికి ఒప్పుకుంది. పుయోల్ వెళ్లనన్నాడు. తనతోపాటు పెరిగిన షావీ పెద్ద జట్టులో ఆడటం చూశాక, నేనూ ఇక్కడే తేల్చుకుంటానని ఉండిపోయాడు. మరుసటి ఏడాది అక్టోబరులో వయ్యడోలిడ్ మీద కోచ్ వాన్ గాల్ ఆయనను మైదానంలోకి దింపాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు మరో క్లబ్ చొక్కా వేసుకోలేదు.

లెక్కల_పుస్తకం | శుక్రవారం, రాత్రి 9:44

అంకెలు నా వంతు. బార్సిలోనాకు 593 మ్యాచ్‌లు, 18 గోల్స్. లా లిగా (స్పెయిన్ లీగ్) 6, ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల కప్పు) 3 (2006, 2009, 2011), స్పెయిన్ రాజు కప్ 2. దేశానికి సరిగ్గా 100 మ్యాచ్‌లు, 3 గోల్స్. 2008 యూరో కప్, 2010 ప్రపంచ కప్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రజతం కూడా ఉంది. ఫైనల్లో కామెరూన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయారు.

ఒక సంగతి చాలామంది గమనించరు. 1999లో ఆడటం మొదలుపెట్టినవాడికి మొదటి కప్పు చేతికందింది 2005లో. వరుసగా ఐదు సీజన్లు ఉత్త చేతులు. అదే కాలంలో ప్రత్యర్థి క్లబ్ రియల్ మాడ్రిడ్‌కు రెండు ఛాంపియన్స్ లీగ్‌లు, రెండు లా లిగాలు.

తెల్లచొక్కా | శుక్రవారం, రాత్రి 10:02

మాడ్రిడ్ పేరెత్తారు కాబట్టి నేనూ వచ్చాను.

పుయోల్ మంచివాడే, కాదనను. కానీ ఈ వేదిక మీద ఆయన గురించి మాట్లాడిన ప్రతిసారీ 'గుండె', 'ధైర్యం', 'జుట్టు' తప్ప ఆట గురించి ఎవరూ చెప్పరు. ముందర షావీ, ఇనియెస్టా బంతిని మ్యాచ్‌లో మూడింట రెండు వంతుల సేపు తమ దగ్గరే ఉంచుకుంటే వెనక నిలబడ్డవాడికి పనేముంటుంది? మా సెర్జియో రామోస్‌ను చూడండి. డిఫెండరై ఉండి మాడ్రిడ్‌కు 101 గోల్స్ కొట్టాడు, దేశానికి 180 మ్యాచ్‌లు ఆడాడు. 2014లో లిస్బన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చేజారిపోతుంటే తొంభై నిమిషాలు దాటాక తలతో కొట్టి నిలబెట్టింది ఆయనే.

పుయోల్ తప్పులు మాత్రం ఎవరికీ గుర్తుండవు. 2002 ప్రపంచ కప్‌లో పరాగ్వే మీద సొంత గోల్ వేసుకున్నాడు. 2006లో ఫ్రాన్స్ మీద చివరి పది నిమిషాల్లో హెన్రీకి అడ్డుపడి ఫ్రీకిక్ ఇచ్చాడు. ఆ బంతి మీదే వియెరా గోల్ కొట్టాడు, స్పెయిన్ ఇంటిదారి పట్టింది.

బందరు_బార్సా | శుక్రవారం, రాత్రి 10:20

అన్నా, రామోస్ పేరు ఎప్పుడొస్తుందా అని గడియారం చూస్తున్నాను. యాభై రెండు నిమిషాలు పట్టింది. ఈసారి ఓపిక పట్టారు.

మీ 101లో పెనాల్టీలు ఎన్నో, 26 రెడ్ కార్డులు ఎందుకో అడగను. కానీ 'పనేముంటుంది' అన్న మాటకు మాత్రం బదులు చెప్పాలి. అప్పటి బార్సిలోనా ఆటలో డిఫెండర్ల వరుస దాదాపు మైదానం మధ్య గీత దగ్గర నిలబడుతుంది. కుడి పక్కన డాని అల్వెస్ పేరుకే బ్యాక్, ఆడేది ఎదుటివాళ్ల కార్నర్ జెండా దగ్గర. సెంటర్ బ్యాక్ పికే బంతి పట్టుకుని ముందుకు నడుస్తాడు. అప్పుడు వాళ్ల వెనక యాభై మీటర్ల ఖాళీ. ఎదుటివాడు బంతి లాక్కుని ఒక్క పొడవాటి పాస్ వేస్తే ఆ ఖాళీలోకి పరుగెత్తాల్సింది ఎవరు? పుయోలే. ఆ పని మ్యాచ్‌లో నాలుగుసార్లే రావచ్చు. కానీ నాలుగిట్లో ఒక్కటి తప్పినా గోలే. రోజంతా కాపలా ఉన్నవాడికి పనేముంది, దొంగ వచ్చింది ఒక్కసారే కదా అన్నట్టుంది మీ వాదన.

తెల్లచొక్కా | శుక్రవారం, రాత్రి 10:26

కాపలాదారు పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నాను. రామోస్ సంగతి మాత్రం ఒప్పుకోను.

గచ్చిబౌలి_గ్యాలరీ | శుక్రవారం, రాత్రి 10:40

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. స్పెయిన్ డిఫెండర్ అంటే మాకు ముందు గుర్తొచ్చేది ఒడెయి ఒనైందియా, హువానన్. 2022 మార్చిలో గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తినప్పుడు వెనక వరుసలో హువానన్ ఉన్నాడు, కోచ్ మనోలో మార్కెజ్ కూడా బార్సిలోనా వాడే. ఒనైందియా ఎప్పుడూ నేల మీద పడి బంతి లాక్కునేవాడు కాదు. ముందే వెళ్లి దారిలో నిలబడేవాడు. నా పక్క సీటులో ఒక పెద్దాయన ప్రతి మ్యాచ్‌లోనూ "ఈయనకు చెమట పట్టదా?" అనేవారు.

నిర్వాహకుడు | శుక్రవారం, రాత్రి 10:48

హైదరాబాద్ ఎఫ్‌సీకి వేరే చర్చ ఉంది. ఇక్కడ మాస్టారు అడిగిన పుయోల్ గురించే రాయండి.

పీఈటీ_మాస్టారు | శుక్రవారం, రాత్రి 11:05

పర్వాలేదండీ, ముందే వెళ్లి దారిలో నిలబడటం అన్నది రేపు పిల్లలకు చూపిస్తాను. మరొక సంగతి. రైట్ బ్యాక్‌గా పుయోల్ ఎవరినైనా గట్టి ఆటగాణ్ణి ఆపిన మ్యాచ్ ఉందా? మా వాడికి ఎవరినైనా ఓడించాలి, అప్పుడే ఉత్సాహం.

బందరు_బార్సా | శుక్రవారం, రాత్రి 11:22

ఉంది మాస్టారూ, అదే అసలు కథ.

2000 వేసవిలో లూయిస్ ఫిగో బార్సిలోనా వదిలి రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. అప్పటికి ఆయన బార్సిలోనా స్టేడియం కాంప్ నౌకు దేవుడి లాంటివాడు. అక్టోబరు 21న మాడ్రిడ్ చొక్కాతో తిరిగి వచ్చాడు. బంతి ఆయన కాలికి తగిలిన ప్రతిసారీ స్టేడియమంతా ఈలలు, అరుపులు. ఆ మ్యాచ్‌లో ఫిగోను వెన్నంటి ఉండే పని అప్పగించింది ఎవరికి? పట్టుమని రెండేళ్లు కూడా పెద్ద జట్టులో ఆడని ఇరవై రెండేళ్ల పుయోల్‌కి. ఆ రోజు ఫిగో ఎటు వెళ్తే అటు ఈ జుట్టాయన. మధ్యలోకి వస్తే మధ్యలోకి, పక్కకు జరిగితే పక్కకు. పందెం కోడి వెనక పడ్డట్టు పడ్డాడు. ఫిగో ఆ సాయంత్రమంతా చెప్పుకోదగ్గ పని ఒక్కటీ చేయలేకపోయాడు. 2-0తో బార్సిలోనా గెలిచింది. ఫిగో కార్నర్ కొట్టబోతే జనం పంది తల విసిరింది కూడా ఆ రోజే.

లెక్కల_పుస్తకం | శుక్రవారం, రాత్రి 11:29

పంది తల ఆ రోజు కాదు. అది 2002 నవంబరులో, ఫిగో మరోసారి వచ్చినప్పుడు. ఈ రెండు మ్యాచ్‌లను కలిపేసి చెప్పేవాళ్లకు జరిమానా పెట్టాలని ఎప్పటినుంచో నా కోరిక.

బందరు_బార్సా | శుక్రవారం, రాత్రి 11:31

జరిమానా కట్టేస్తాను. మిగతాదంతా సరే కదా?

లెక్కల_పుస్తకం | శుక్రవారం, రాత్రి 11:33

మిగతాది సరే. 2002 అనగానే గుర్తొచ్చింది. అదే అక్టోబరులో ఛాంపియన్స్ లీగ్‌లో లోకోమోటివ్ మాస్కోతో మ్యాచ్. గోల్‌కీపర్ బొనానో ముందుకు వచ్చి దాటిపోయాడు, గోల్ ఖాళీ. ఒబియోరా బలంగా కొట్టాడు. పుయోల్ గీత మీదికి పరుగెత్తి, చేతులు వెనక్కి లాగేసుకుని, ఛాతీ అడ్డంపెట్టాడు. బంతి వచ్చి సరిగ్గా చొక్కా మీది క్లబ్ చిహ్నం దగ్గర తగిలింది. మాస్టారూ, వీడియో దొరికితే మీ వాడికి చేతులు చూడమనండి. అందరూ ఛాతీని చూస్తారు. అంత హడావిడిలో చేతులు వెనక్కి వెళ్లడమే అసలు విద్య. చేతికి తగిలి ఉంటే పెనాల్టీ, పైగా రెడ్ కార్డు.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు | శనివారం, తెల్లవారుజాము 12:50

పేరుకు తగ్గ వేళకే వచ్చాను. 2010 జూలై 7 గురించి ఎవరూ రాయలేదేమిటి?

డర్బన్‌లో సెమీఫైనల్, జర్మనీతో. మనకు అర్ధరాత్రి పన్నెండుకు మొదలైంది. అప్పటికే జర్మనీ ఇంగ్లండ్‌కు నాలుగు, అర్జెంటీనాకు నాలుగు కొట్టి వచ్చింది. స్పెయిన్ తొలి మ్యాచ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో ఓడి, తర్వాత నాకౌట్ మ్యాచ్‌ల్లో ఒక్కో గోల్‌తో ఈదుకుంటూ వచ్చింది. గెలుపెవరిదో ముందే 'చెప్పే' ఆక్టోపస్ పాల్ తప్ప నా చుట్టుపక్కల ఎవరూ స్పెయిన్ గెలుస్తుందని అనలేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు. టీవీ గొంతు పూర్తిగా తగ్గించి చూస్తున్నాను. 73వ నిమిషం, ఎడమ పక్క నుంచి షావీ కార్నర్. తెర మీద కుడి అంచు నుంచి ఒక జుట్టు మాత్రమే వచ్చింది. నిజంగా చెప్తున్నాను, మనిషి కనపడే ముందు జుట్టే కనపడింది. పికే కూడా అదే బంతికి ఎగరబోతున్నాడు, పక్కన జర్మనీ వాడు ఖెదీరా. వాళ్ల మీదుగా లేచి నుదుటితో కొట్టాడు. పెనాల్టీ పెట్టెలో రెండు మీటర్లకు కొద్దిగా తక్కువ ఉన్న జర్మనీ డిఫెండర్ మెర్టెసాకర్ ఉన్నాడు. పుయోల్ ఎత్తు 1.78. నేను అరిచాను. మా నాన్నగారు లేచి వచ్చి "దొంగలా?" అన్నారు.

బందరు_బార్సా | శనివారం, ఉదయం 7:15

ఆ కార్నర్ అప్పటికప్పుడు పుట్టింది కాదు. బార్సిలోనాలో అలవాటైన ఎత్తు. విరామంలో పుయోల్ స్వయంగా షావీని అడిగాడు, అక్కడికి వెయ్యి, నేను వస్తానని. ఏడాది ముందు, 2009 మే 2న బెర్నాబ్యూలో 6-2తో గెలిచిన మ్యాచ్ చూడండి. షావీ ఫ్రీకిక్, పుయోల్ తల, గోల్. తర్వాత చేతికున్న కెప్టెన్ పట్టీని తీసి ముద్దుపెట్టుకుంటూ పరుగెత్తాడు. మాడ్రిడ్ స్టేడియంలో, కాటలోనియా రంగుల పట్టీని!

(తెల్లచొక్కా అన్నా, ఆ రోజు మీ రామోస్ కూడా గోల్ కొట్టాడు లెండి. ఆరింటికి రెండులో ఒకటి ఆయనదే.)

తెల్లచొక్కా | శనివారం, ఉదయం 8:02

పొద్దున్నే 6-2 గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు. కాఫీ చేదెక్కింది.

డర్బన్ రాత్రి మరో ముచ్చట ఉంది, మాడ్రిడ్ వాణ్ణి కాబట్టి నేనే చెప్తాను. మ్యాచ్ అయ్యాక స్పెయిన్ రాణి సోఫియా అభినందించడానికి ఆటగాళ్ల గదికి వచ్చారు. గోల్ కొట్టిన వీరుడు స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఎదురుపడ్డాడు. ఆ అవతారంలోనే ఆవిడతో చేయి కలిపాడు.

లెక్కల_పుస్తకం | శనివారం, ఉదయం 8:40

మాస్టారు అడిగింది రైట్ బ్యాక్ గురించి కాబట్టి ఒకటి జోడిస్తాను. 2009 మే 27న రోమ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మాంచెస్టర్ యునైటెడ్ ప్రత్యర్థి. అల్వెస్, అబిదాల్ ఇద్దరి మీదా నిషేధం, మార్కెజ్‌కు గాయం. మధ్యలో పికే పక్కన యాయా టూరేను నిలబెట్టి, అప్పటికి ఐదేళ్లుగా కెప్టెన్‌గా ఉన్న పుయోల్‌ను కోచ్ గ్వార్డియోలా మళ్లీ కుడి పక్కకు, కుర్రతనంలో ఆడిన చోటికి పంపాడు. 2-0. కప్పు ఎత్తింది రైట్ బ్యాకే.

పీఈటీ_మాస్టారు | శనివారం, ఉదయం 9:20

లెక్కల_పుస్తకం గారూ, ఇది చాలు నాకు. కప్పు ఎత్తింది రైట్ బ్యాకే! ఈ ఒక్క ముక్కను నల్లబల్ల మీద రాస్తాను.

కెప్టెన్‌గా ఎలాంటివాడో కూడా చెప్పండి. మా వాడికి కోపం ఎక్కువ. ఎదుటి జట్టువాడు నెడితే తిరిగి నెట్టే రకం.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు | శనివారం, ఉదయం 10:05

అయితే రెండు వీడియోలు చూపించండి. ఒకదాంట్లో ప్రేక్షకుల్లోంచి ఎవరో లైటర్ విసిరారు. పికే దాన్ని తీసి రిఫరీకి చూపించబోయాడు. పుయోల్ వచ్చి అతని చేతిలోంచి లాక్కుని మైదానం బయటికి గిరాటేసి, ఆడు, ఆడు అని తోశాడు. ఫిర్యాదులు గిట్టవు ఆయనకు.

రెండోది 2012 ఏప్రిల్‌లో రాయో వయ్యెకానో మీద 7-0తో గెలిచిన మ్యాచ్. గోల్ కొట్టాక తియాగో, అల్వెస్ చిందులు మొదలుపెట్టారు. గెలుస్తున్నది మనమే, ఓడేవాళ్లు వాళ్ల ఇంట్లో, వాళ్ల జనం ముందు ఓడుతున్నారు. పుయోల్ అటు చివర నుంచి పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ విడదీసి నడవండన్నాడు. తియాగో మొహం చూడాలి, హెడ్‌మాస్టరు పట్టుకున్న పిల్లవాడిలా.

ఇక 2010 నవంబరులో మాడ్రిడ్ మీద 5-0 మ్యాచ్ చివర్లో పుయోల్ ముఖం మీద చెయ్యి వేసి నెట్టిన పెద్దమనిషి పేరు నేను రాయను. ఆయన అభిమాని ఇక్కడే ఉన్నారు. పుయోల్ తిరిగి చెయ్యెత్తలేదు.

తెల్లచొక్కా | శనివారం, ఉదయం 10:11

రాయండి, పర్వాలేదు. ఆ రోజు రామోస్ చేసింది తప్పే. రెడ్ కార్డు కూడా పడింది.

కాటలోనియాలో_కాకినాడ | శనివారం, మధ్యాహ్నం 3:30

ఆలస్యంగా చూశాను. చదువు కోసం బార్సిలోనా వచ్చి మూడేళ్లయింది. కిందటి వసంతంలో పుయోల్ ఊరు చూసొచ్చాను, నాలుగు ముక్కలు రాస్తాను.

ఊరి పేరు లా పోబ్లా దె సెగూర్. లెయిదా పట్టణం నుంచి చిన్న రైలు వెళ్తుంది, అదే దాని ఆఖరి స్టేషను. పట్టాలు అక్కడితో అయిపోతాయి, ఆ పైన పిరనీస్ కొండలు. జనాభా మూడు వేల చిల్లర, మన దగ్గర మాదిరి పల్లె. వెనకటికి కొండల్లో నరికిన దుంగలను తెప్పలుగా కట్టి నది మీద దిగువకు తోలుకెళ్లేవాళ్లు, ఆ తెప్పలవాళ్ల పేరు మీద ఏటా జూలైలో ఉత్సవం చేస్తారు. మా గోదావరి మీద వెదురు తెప్పలు గుర్తొచ్చాయి. రైలు దిగినప్పుడు నాతోపాటు దిగింది ఐదుగురు, ఒక కుక్క. అక్కడ నిలబడితే, పదిహేడేళ్ల కుర్రవాడు ఇక్కడి నుంచి లా మాసియాకు వెళ్లడమంటే ఎంత దూరమో కాళ్లకు తెలుస్తుంది.

అదే దారిలో కొంచెం ముందు త్రెంప్ స్టేషను వస్తుంది. మికి రోకే ఊరు. ఆయన కూడా డిఫెండరే, బెటిస్‌కు ఆడేవాడు. 2011లో క్యాన్సర్ బయటపడింది. చికిత్సకు పుయోల్ డబ్బు సాయం చేశాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ఏడాది లీగ్ గెలిచిన సంబరాల్లో పుయోల్ చొక్కా మీద మికికి ధైర్యం చెప్పే మాట ఉంది. 2012 జూన్‌లో మికి పోయాడు, ఇరవై మూడేళ్లకు.

బందరు_బార్సా | శనివారం, సాయంత్రం 4:10

అదే 2011లో మా డిఫెండర్ అబిదాల్‌ది కూడా ఇలాంటి కథే. మార్చిలో కాలేయంలో కణితికి శస్త్రచికిత్స, మే 28న వెంబ్లీ ఫైనల్లో పూర్తి మ్యాచ్ ఆడాడు. గాయం నుంచి కోలుకుంటున్న పుయోల్ చివరి నిమిషాల్లో మాత్రమే దిగాడు. కప్పు అందుకునే వేళకు పట్టీ తీసి అబిదాల్ చేతికి తొడిగాడు. కప్పు అబిదాలే మొదట ఎత్తాడు.

తెల్లచొక్కా | శనివారం, సాయంత్రం 4:35

దీనికి నా దగ్గర వాదన లేదు.

అయినా ఆయన చివరి సంవత్సరాలు చూస్తే బాధేసేది. మోకాలి వల్ల 2012 యూరో పోయింది. అదే అక్టోబరులో లిస్బన్‌లో బెన్‌ఫికా మీద కార్నర్‌కు ఎగిరి చేతి మీద పడ్డాడు, మోచేయి కీలు తప్పింది. టీవీలో చూసి నేను మొహం తిప్పుకున్నాను. 2014 మార్చిలో సీజన్ చివరికి వెళ్లిపోతానని తానే చెప్పాడు. ఒప్పందం ఇంకా రెండేళ్లుండగా! ఆడలేనప్పుడు జీతం తీసుకుంటూ కూర్చోలేదు. మా వైపు కొందరు నేర్చుకోవాల్సిన పాఠం, పేర్లు అడగకండి.

బందరు_బార్సా | శనివారం, సాయంత్రం 4:41

ఆ ప్రకటనకు రెండు రోజుల ముందే అల్మెరియా మీద గోల్ కొట్టాడు. వెళ్లేవాడు వెళ్తూ వెళ్తూ కూడా.

పీఈటీ_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:15

అందరికీ ధన్యవాదాలు. జరిగింది చెప్తాను.

సోమవారం సాయంత్రం ఆట అయ్యాక పిల్లలందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి నా ఫోనులో ముందు లోకోమోటివ్ వీడియో, తర్వాత డర్బన్ గోల్ చూపించాను. పన్నెండు మంది తలలు ఒక్క ఫోను మీద. మా వాడు వెనక నిలబడ్డాడు, చూడనట్టు. లోకోమోటివ్ అయ్యాక ఏమీ అనలేదు. డర్బన్ గోల్ రెండోసారి వేయమన్నాడు. మూడోసారి వేయమన్నాడు. తర్వాత వారం రోజుల్లో మొదటిసారి నాతో మాట్లాడాడు: "సార్, ఆయన ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడు?" వీడియోలో ఆ ముక్క సరిగా కనపడటం లేదు, పెనాల్టీ పెట్టె అంచు దగ్గర నుంచి అయి ఉంటుందన్నాను.

ఈ రోజు నేను వెళ్లేసరికే మైదానంలో ఉన్నాడు. లేసులు కట్టేసి ఉన్నాయి. పెట్టె అంచు నుంచి గోల్ దాకా అడుగులు లెక్కపెడుతున్నాడు. ఒకచోట ఇటుక ముక్క పెట్టి గుర్తు చేసుకున్నాడు. మ్యాచ్ మధ్యలో మాకు కార్నర్ వచ్చింది. రైట్ బ్యాక్ స్థానం వదిలి, నన్ను అడగకుండానే, ఇటుక ముక్క దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బంతి వచ్చింది. పరుగెత్తాడు, ఎగిరాడు, మా సొంత సెంటర్ ఫార్వర్డ్‌ను గుద్దుకుని ఇద్దరూ పడ్డారు. అటు వాళ్లు బంతి పట్టుకుని ఖాళీగా ఉన్న కుడి పక్క నుంచి వెళ్లి గోల్ కొట్టారు.

లెక్కల_పుస్తకం | మంగళవారం, రాత్రి 8:22

ఎన్ని అడుగులట మాస్టారూ?

పీఈటీ_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:30

పద్నాలుగు. రేపు పదిహేను నుంచి పరుగెత్తి చూస్తాడట.

తెల్లచొక్కా | మంగళవారం, రాత్రి 8:34

వాడు వెళ్లినప్పుడు కుడి పక్కన ఎవరినైనా నిలబెట్టండి మాస్టారూ. కాపలా మనిషి లేకపోతే ఏమవుతుందో శుక్రవారమే ఇక్కడ ఒకాయన చెప్పారు కదా.